నిష్పత్తికి నార్మల్ సరిపోతుందా, బైనామియలే పట్టుకోవాలా?

"శాంపిల్ 30 దాటింది కదా, నార్మల్ వేసేయొచ్చా?" ప్రాజెక్టుల కాలం వస్తే విద్యార్థులు అడిగేది ఇదే. నార్మల్ అంటే గంట ఆకారపు వక్రంతో వేసే దగ్గరి లెక్క; బైనామియల్ అంటే అవునా కాదా అన్న రెండే ఫలితాలుంటే వేసే నికరమైన లెక్క. సగటుల దగ్గరే ఆ 30 మోటు లెక్క. నిష్పత్తుల దగ్గర దానికి పనే లేదు. చూడాల్సింది అవును, కాదుల్లో అరుదైన వైపు ఎన్ని పడతాయన్నది. అటూ ఇటూ కనీసం 10 చొప్పున రావాలి. కొన్ని పుస్తకాలు 5 చాలంటాయి, అది మరీ ఉదారం.

విశాఖలో ఓ రొయ్యల ఎగుమతి ప్లాంటు అనుకుందాం. లాటులో నిజంగా పాడైనవి 4 శాతం. 50 రొయ్యలు తీస్తే పాడైనవి సగటున రెండే. 0.04ని 0.96తో గుణించి, 50తో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం, అంటే శాంపిల్ మారినప్పుడల్లా నిష్పత్తి ఎంత ఊగుతుందన్నది, దాదాపు 0.028. ఈ లెక్కతో నార్మల్ వక్రం గీయండి: అందులో 7 శాతం సున్నాకి ఎడమవైపు పడుతుంది. సున్నా కంటే తక్కువ రొయ్యలు ఎక్కడైనా పాడవుతాయా? బైనామియల్ అసలు సంగతి చెబుతుంది: 0.96ని 50 సార్లు హెచ్చిస్తే 0.13. అంటే నూటికి 13 శాంపిళ్లలో పాడైనది ఒక్కటీ కనబడదు, లాటు శుభ్రంగా ఉందని సంతకం పడిపోతుంది.

సరిగ్గా రెండే దొరికాయనుకుంటే, 95 శాతం అంతరం (ఇలా కట్టిన అంతరాల్లో నూటికి 95 అసలు నిష్పత్తిని పట్టుకోవాలి) నార్మల్‌తో మైనస్ 1.4 నుంచి 9.4 శాతం. 1927 నాటి విల్సన్ పద్ధతిలో 1.1 నుంచి 13.5. బైనామియల్ నుంచి నేరుగా కట్టే క్లాపర్–పియర్సన్‌తో 0.5 నుంచి 13.7. నార్మల్‌తో అసలు నష్టం ఆ మైనస్ కాదు, అది చూడగానే దొరికిపోతుంది. పై హద్దును 13.5 బదులు 9.4 అని తగ్గించి చూపడమే ప్రమాదం.

అంతరం కట్టాలంటే నా ఓటు విల్సన్‌కే. క్లాపర్–పియర్సన్ అతి జాగ్రత్తతో అవసరానికి మించి వెడల్పు చేస్తుంది. హామీ తప్పకూడని తనిఖీల్లో మాత్రం అదే ఉండనివ్వండి. అలాగని నార్మల్‌ని పారేయనక్కర్లేదు. 400 మందిని అడిగితే సగం మంది అవునన్నారంటే, ప్లస్ ఆర్ మైనస్ 4.9 శాతం అని నోటిలెక్కగా చెప్పేయొచ్చు, మిగతావీ దాదాపు అదే ఇస్తాయి. నార్మల్ వాడేందుకు ఎంత శాంపిల్ కావాలో అంచనా వేయడమూ తేలికే: పాడైనవి 4 శాతమైతే 250, ఒక శాతమైతే 1000 తీస్తే ముందు చెప్పిన ఆ పది పడతాయి.

బైనామియల్‌కి బదులు అరుదైన వాటికి వేసే పాయిసాన్ దగ్గరి లెక్క, నార్మల్‌కి అర అంకె సర్దే కంటిన్యుటీ కరెక్షన్? కంప్యూటర్ చేతిలో ఉండగా రెండూ అనవసరం.

ఇంకొకటి. 250 రొయ్యలూ ఐస్ సరిగ్గా అందని ఒకే ట్రేలోంచి తీస్తే ఏ పద్ధతీ ఆదుకోదు. పాడైతే అన్నీ కలిసే పాడవుతాయి. ట్రేలు మార్చి మార్చి తీయండి.