పెళ్లికి సాయమా, హాస్టల్లో సీటా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. దేశ సగటు 6.8 శాతమే. ఈ భారం ఎక్కువగా మోస్తున్నది పేదింటి, చదువు ఆగిపోయిన ఆడపిల్లలే.

ఇలాంటి చిన్నవయసు పెళ్లిళ్లను ఆపడానికి మన దగ్గర రెండు దారులు కనిపిస్తాయి. తెలంగాణలో 2014లో మొదలైన కల్యాణలక్ష్మి, వధువుకు 18 నిండితేనే డబ్బు ఇస్తుంది. ఇప్పుడది 1,00,116 రూపాయలు. అప్పు చేసి పెళ్లి చేసే తండ్రికి అది నిజమైన ఆసరా, కాదనను. కానీ ఆ డబ్బు చేతికందేది పెళ్లి కుదిరిన తర్వాతే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి పత్తి చేలో కూలికి వెళ్తున్న పిల్లకు, ఆ నాలుగైదేళ్లూ అది ఏమీ చేయదు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు సరిగ్గా ఆ ఏళ్లలోనే పిల్లను పట్టుకుంటాయి. 2004లో మొదలైన ఈ బడుల్లో చదువుతో పాటు తిండి, వసతి ఉచితం. ఊళ్లో హైస్కూలు లేదనీ, దారి భద్రం కాదనీ, తల్లిదండ్రులు వలస వెళ్తే పిల్ల ఒంటరిదవుతుందనీ చెప్పే కారణాలన్నీ అక్కడ తీరిపోతాయి. ఇంటర్ దాకా చదివే అవకాశం ఉన్నచోట మరీ మేలు. అయితే సీట్లు పరిమితం, సెలవులకు ఇంటికెళ్లిన పిల్ల తిరిగి రాకపోవడమూ ఉంది.

ఒక్క రూపాయే ఉంటే నేను హాస్టల్ మీదే పెడతాను, అదీ వేసవి సెలవుల తర్వాత ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి వెనక్కి తీసుకొచ్చే మనిషితో సహా.