చెల్సియా హోటల్‌లో రెండు రాత్రులు

న్యూయార్క్‌లో అయిదు రాత్రులు ఉండవలసి వచ్చినప్పుడు, మొదటి మూడు రాత్రులు టైమ్స్ స్క్వేర్ సమీపంలోని ఒక సాధారణ హోటల్లోనూ, చివరి రెండు రాత్రులు మన్‌హాటన్ పశ్చిమ 23వ వీధిలోని చెల్సియా హోటల్లోనూ బస ఏర్పాటు చేసుకున్నాను. మొదటి హోటల్ గురించి చెప్పవలసింది తక్కువ. గది ఇరుకు, కిటికీ తెరిస్తే ఎదురు గోడ, బుకింగ్ సమయంలో నేను గమనించని ‘డెస్టినేషన్ ఫీజు’, అంటే గది అద్దె మీద రోజువారీగా వేసే అదనపు రుసుము, చివరి బిల్లులో ప్రత్యక్షం. ఆ నగరానికి వెళ్లేవారు పన్నులు, ఫీజులు అన్నీ కలిపిన మొత్తం ఎంతో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. నేను వివరంగా రాయదలచుకున్నది రచయితలు, సంగీతకారులు, చిత్రకారులు నివసించిన చోటుగా పేరుపొందిన రెండో హోటల్ గురించి. అక్కడ రెండు రోజులు ఉండి వెళ్లే అతిథి గదికి పక్కనే, దశాబ్దాలుగా అదే ఇల్లుగా బతుకుతున్నవారి తలుపు ఉండవచ్చు.

సబ్‌వేలో 23వ వీధి స్టేషన్‌లో దిగితే, ఏడో అవెన్యూ వైపు నుంచి వచ్చినా ఎనిమిదో అవెన్యూ వైపు నుంచి వచ్చినా కొద్దిపాటి నడకలో హోటల్ చేరవచ్చు. ఎర్ర ఇటుకలతో కట్టిన ఆ పన్నెండు అంతస్తుల భవనాన్ని, పూల నగిషీలున్న దాని ఇనుప బాల్కనీలను వీధికి అవతలి వైపు నిలబడి చూస్తేనే పూర్తిగా చూసినట్లు. వాస్తుశిల్పి ఫిలిప్ హ్యూబర్ట్ దీనిని హోటల్‌గా కట్టలేదు. 1884లో ఇది సహకార పద్ధతిలో నడిచే అపార్టుమెంటు భవనంగా మొదలై, ఆ ప్రయత్నం ఆర్థికంగా దెబ్బతిన్న తరువాత 1905లో హోటల్‌గా మారింది. గదుల ఎత్తయిన కప్పులకూ, శబ్దాన్ని చొరనివ్వని మందపాటి గోడలకూ కారణం ఆ పుట్టుకే. నాకు దొరికినది చిన్న గదే అయినా, ఆ నగరంలో నేను గాఢంగా నిద్రపోయిన రాత్రులు ఆ రెండే. సిబ్బంది మర్యాదగా ఉన్నారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పారు. గోడల నిండా చిత్రాలున్న లాబీలోనూ, పై కప్పు అద్దాల నుంచి పడే వెలుతురులో అంతస్తులన్నిటినీ కలుపుతూ దిగే ఇనుప కటకటాల మెట్ల దారిలోనూ నేను గంటల కొద్దీ గడిపాను.

అయితే ఆ చిత్రాలూ ఆ కీర్తీ ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న దగ్గరే అసలు కథ ఉంది. 1940ల నుంచి బార్డ్ కుటుంబం, దాని భాగస్వాములు ఈ హోటల్‌ను నడిపారు. రెండో తరానికి చెందిన స్టాన్లీ బార్డ్ అద్దె సకాలంలో ఇవ్వలేని కళాకారులకు గడువు ఇచ్చేవారని, కొన్నిసార్లు అద్దెకు బదులుగా చిత్రాలు తీసుకునేవారని అక్కడ నివసించినవారు చెబుతూ వచ్చారు. నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ 1960లలో ఇక్కడ ఉన్నారు. సంగీతకర్త వర్జిల్ థామ్సన్ దశాబ్దాలు ఇక్కడే గడిపారు. కవి డిలన్ థామస్ 1953 నవంబరులో ఆసుపత్రికి వెళ్లింది ఈ హోటల్ గది నుంచే. వీరెవరూ ఒక యాజమాన్యం వేసుకున్న వ్యాపార ప్రణాళిక వల్ల రాలేదు. ఇక్కడ ఉండనిస్తారన్న నమ్మకంతో వచ్చి ఉంటారనిపిస్తుంది.

2007లో హోటల్ డైరెక్టర్ల బోర్డు స్టాన్లీ బార్డ్‌ను నిర్వహణ నుంచి తప్పించింది. నివాసులకూ కొత్త నిర్వాహకులకూ మధ్య ఎడం అప్పుడే మొదలైంది. 2011లో భవనం సుమారు 8 కోట్ల డాలర్లకు చేతులు మారి, అతిథులకు తలుపులు మూసుకున్నాయి. గోడల మీది చిత్రాలను అప్పట్లో దించివేశారు. నివాసుల్లో పలువురు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. యజమానులు మరి రెండుసార్లు మారారు. 2022లో హోటల్ మళ్లీ తెరుచుకునే వరకు, పదేళ్లకు పైగా, వారు దుమ్ము, కూల్చివేతల చప్పుడు, ప్లాస్టిక్ తెరల మధ్య బతికారు. వారి సంఘం కోర్టుకు కూడా వెళ్లింది.

వారు అలా నిలవగలిగారంటే చట్టం అండగా ఉండడం వల్లనే. న్యూయార్క్ అద్దె నియంత్రణ పరిధిలోకి వచ్చే పాత హోటళ్లలో, ఒకే భవనంలో, దానినే తన ప్రధాన నివాసంగా చేసుకుని, ఆరు నెలలు వరుసగా ఉన్న వ్యక్తి శాశ్వత అద్దెదారు హక్కులు పొందుతాడు. అతడిని ఇష్టం వచ్చినట్లు ఖాళీ చేయించడం కుదరదు. ఇలాంటి భవనాల్లో పెద్ద మార్పులు చేయాలంటే, అద్దెదారులను వేధించలేదని నగర గృహవసతి శాఖ నుంచి యజమాని ధ్రువపత్రం తెచ్చుకోవలసి రావచ్చు. ఆ పత్రం విషయంలో నివాసులే రెండుగా చీలిపోయారు. వేధింపులపై విచారణ జరగాలని కొందరు పట్టుబట్టగా, విచారణ వల్ల పనులు ఆగితే ఈ నరకం ఇంకా సాగుతుందని మరికొందరు భావించారు. నివాసులందరూ ఒక వైపు, యజమాని ఒక వైపు అని చెప్పే కథనాలు ఈ బాధను సగమే చూపుతాయని నా అభిప్రాయం. భవనానికి మరమ్మతులు అవసరమైన మాట కూడా నిజమే. నూట ముప్పై ఏళ్లు దాటిన కట్టడం మంచి మాటల మీద నిలబడదు.

చట్టం కాపాడలేనిదీ ఉంది. 1966లో నగరం ఈ భవనానికి చారిత్రక కట్టడం హోదా ఇచ్చింది కానీ, ఆ రక్షణ బయటి రూపానికే. లోపలి పాత తలుపులు చెత్తలోకి వెళ్లాయి. అద్దె కట్టలేక గది కోల్పోయి వీధిన పడిన ఒక మాజీ నివాసి వాటిలో యాభైకి పైగా తలుపులను ఏరి దాచాడు. ఏ తలుపు వెనుక ఎవరు ఉండేవారో శ్రమపడి పరిశోధించాడు. 2018 ఏప్రిల్‌లో వాటిని వేలం వేసినప్పుడు, గాయకుడు బాబ్ డిలన్ ఉన్న గది తలుపు ఒక్కటే లక్ష డాలర్లు పలికింది. చెత్తగా కనిపించిన చెక్కకు అంత విలువ ఉందని గుర్తించింది లోపల బతికినవాడే. నన్ను ఇప్పటికీ కదిలించే సంగతి ఇది.

రెండో రోజు సాయంత్రం లిఫ్టులో కూరగాయల సంచితో ఒక వృద్ధురాలు ఎక్కారు. మేమిద్దరం ఒకే అంతస్తులో దిగాం. ఆమె తాళం తీసుకునే లోపు, మా వెనుక వచ్చిన ఇద్దరు అతిథులు కారిడార్‌ను, ఆమెను కలిపి ఫోటో తీశారు. ఆమె ఏమీ అనలేదు, ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకున్నారు. అంతకు ముందు రోజు అదే కారిడార్‌లో నేను కూడా తలుపులను ఫోటో తీశానన్నది అప్పుడు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. ఆ రాత్రే ఆ ఫోటోలు తొలగించాను.

ఇక బస సంగతి. గది అద్దె మధ్యతరగతి ప్రయాణికుడికి భారమే. గోడల ప్రశాంతత, మెట్ల దారి, లాబీ కోసం ఒక్క రాత్రి ఉండి చూడమంటాను, అయిదు రాత్రులు ఉండమనను. ఆ ఖర్చు వద్దనుకునేవారు 1930లో మొదలైన ఎల్ కిహోటే అనే స్పానిష్ రెస్టారెంటులో భోజనం చేయవచ్చు. నాలుగేళ్లు మూతపడి, అది కూడా 2022లోనే తిరిగి తెరుచుకుంది. గది తీసుకున్నవారు కారిడార్లలో నెమ్మదిగా మాట్లాడాలి, తలుపుల దగ్గర కెమెరా తీయకూడదు, లిఫ్టులో సంచులతో ఎవరైనా కనిపిస్తే ముందు వారిని దిగనివ్వాలి.