సైకిల్ ఇంజిన్ ట్యూనింగ్ పార్టులు: రెండేళ్లు వాడాక నా మాట

సైకిల్‌కి బిగించే 66 సీసీ టూ స్ట్రోక్ కిట్ మీద రెండేళ్లలో చాలా పార్టులు మార్చి చూశాను. నిజంగా తేడా తెలిసింది ఎక్స్‌పాన్షన్ చాంబర్‌తోనే, అంటే సైలెన్సర్ బదులు పెట్టే, మధ్యలో ఉబ్బి చివర కోన్‌లా సన్నబడే పొగ గొట్టంతో. మామూలు సైలెన్సర్ పొగను బయటికి పంపి ఊరుకుంటుంది. ఇది మాత్రం చివరి కోన్ దగ్గర తగిలి వెనక్కి వచ్చే ప్రెషర్ అలతో, పొగ బయటికి పోయే రంధ్రంలోంచి (పోర్టు) జారిపోతున్న తాజా పెట్రోల్ మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అయితే ఆ పని ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) ఒక స్థాయి దాటాకే మొదలవుతుంది. నేను స్పీడ్ కోసం వెనక స్ప్రాకెట్ 44 పళ్లది తీసేసి 36 పళ్లది వేస్తే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆ ఆర్‌పీఎంకి చేరేదే కాదు, చాంబర్ ఉన్నా లేనట్టే. మళ్లీ 44కి వచ్చాకే పికప్ వచ్చింది.

చాంబర్ పెట్టిన కొత్తలో స్పార్క్ ప్లగ్ తెల్లగా మాడేది. లీన్ అవుతోందని, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదని, కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే జెట్ సైజు పెంచుతూ పోయాను, అయినా తగ్గలేదు, ఒకరోజు పిస్టన్ పట్టేసింది. ఆ రోజు చాలా బాధేసింది. అసలు తప్పు ఇన్‌టేక్ గాస్కెట్‌ది, అంటే కార్బొరేటర్ నుంచి వచ్చే గొట్టం ఇంజిన్‌కి కలిసే చోట గాలి దూరకుండా పెట్టే పలుచటి అతుకుది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా అక్కడ కొద్దిగా కార్బ్ క్లీనర్ కొడితే శబ్దం మారింది, అంటే గాలి లీకవుతోందన్నమాట. గాస్కెట్ మార్చాక జెట్ రెండు సైజులు తగ్గించాల్సి వచ్చింది. ఫుల్ థ్రాటిల్ మీద కొంత దూరం పోయి, క్లచ్ పట్టి అక్కడే ఇంజిన్ ఆపి ప్లగ్ విప్పితే, ఇప్పుడు లేత గోధుమ రంగు కనిపిస్తోంది. దయచేసి ఏ పార్టు కొనేముందైనా ఈ లీక్ చూసుకోండి.

హై కంప్రెషన్ హెడ్ కూడా బాగుంది, ఎత్తుల మీద బలం తెలుస్తుంది, కానీ వేడెక్కాక నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి వచ్చే టకటక శబ్దం) వినిపించింది. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి సోల్డర్ తీగ దూర్చి, పిస్టన్‌ని పైదాకా తిప్పి, నలిగిన తీగ మందం కొలిచి స్క్విష్ గ్యాప్ (పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య ఉండే సందు) సరిచేశాక తగ్గింది. మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చి వెనక్కి రానివ్వని రీడ్ వాల్వ్‌తో తక్కువ ఆర్‌పీఎంలో కార్బొరేటర్ వెనక్కి చిమ్మడం ఆగింది, స్టార్టింగ్ తేలికైంది, టాప్ స్పీడ్ మాత్రం పెరిగినట్టు నాకనిపించలేదు.

వైబ్రేషన్ మాత్రం ఏ పార్టూ తగ్గించలేదు. ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులు ఇప్పటికీ వారానికోసారి బిగిస్తున్నాను. వేగం పెరిగిందని వెంటనే ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ వేయించాను, నిజానికి అది అన్నిటికంటే ముందే వేయించాల్సింది.