ఏడేళ్లుగా మా పునాదుల దగ్గరికి వస్తున్న పురావస్తు సంస్థ: నా అనుభవం

విజయవాడలో మాది చిన్న కన్‌స్ట్రక్షన్ వ్యాపారం. ఏడేళ్లుగా ఒక ప్రైవేటు పురావస్తు సంస్థ చేత పని చేయించుకుంటున్నాను. మెప్పుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

మొదట వెళ్లింది మొగల్రాజపురం గుహల దగ్గర స్థలం కోసం. 2010 చట్ట సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. ఇంతవరకూ నాకు తెలుసు. బ్రోకర్ మాత్రం గుహ ద్వారం నుంచి కొలిచి చూపించాడు. కొలవాల్సింది రక్షిత స్థలం హద్దు నుంచి అని వీళ్లు చెప్పారు. దూరాలు, కోణాలు కచ్చితంగా కొలిచే టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం పెట్టి చూస్తే స్థలంలో వెనక సగం నిషేధంలో పడింది. అడ్వాన్స్ ఇవ్వకుండా బయటపడ్డాం. అప్పుడు ఆ సంస్థ అంటే ఒక గది, యజమాని, ఒక సర్వేయర్, అంతే.

వాళ్ల మీద గురి కుదిరింది మాత్రం గుంటూరు వైపు సెల్లార్ తవ్వినప్పుడు. జేసీబీ నిలువెత్తు లోతు దిగేసరికి కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి కనపడ్డాయి. పాతకాలం బావి. యజమాని చెప్పులు విడిచి గుంటలోకి దిగి, తాపీతో గోడ మట్టిని పల్చగా గీకి, స్ప్రే సీసాతో నీళ్లు కొట్టారు. తడవగానే బావి కోసం తవ్విన గుంట నల్లగా, చుట్టూ ఉన్న నేల ఎర్రగా విడిపోయి కనిపించాయి. అప్పటిదాకా నాకు అదంతా ఒకే మట్టి. పక్కన పోసిన మట్టిలో ఒక సీసం నాణెం దొరికింది. పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉందట. ఆ అర్జీ వాళ్లే రాసిచ్చారు. లోపలికి తవ్వమంటే మాత్రం ఒప్పుకోలేదు, అది ప్రభుత్వ అనుమతి ఉన్నవాళ్ల పని అన్నారు. పంతొమ్మిది రోజులు పని ఆగింది. కూలీల ఖర్చు, బ్యాంకు వడ్డీ, ఇంట్లో టెన్షన్. అయినా ఆ రోజు ఆపినందుకు వాళ్లకు ఇప్పటికీ దండం పెడతాను.

ఇంగ్లండ్‌లో 1990లో వచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలతో, నిర్మాణం వల్ల చెదిరే ఆనవాళ్లను నమోదు చేయించే ఖర్చు కట్టేవాళ్ల మీద పడిందట. అక్కడ ఇలాంటి సంస్థలు అలా పెరిగాయి. ఇక్కడ నాలాంటివాళ్లు పిలిస్తేనే వీళ్లకు పని.

ఇప్పుడు వాళ్లు పదిహేను మంది. డ్రోన్ వచ్చింది, రిపోర్టులు అందంగా వస్తున్నాయి. నా ఫిర్యాదు కూడా అక్కడే. పోయినేడాది పంపిన కుర్రాడు గుంటలోకి దిగలేదు. గట్టు మీద నుంచే ఫోన్‌తో ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఫొటోల్లో సైజు తెలియడానికి పక్కన పెట్టాల్సిన కొలబద్ద లేదు. రిపోర్టులో మాత్రం మూడు మట్టి పొరల వివరం ఉంది! ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. మర్నాడు యజమానే వచ్చి, గోడ గీకి, పొరలు కొలిచి, పైసా తీసుకోకుండా మళ్లీ రాసిచ్చారు. పొరలు రెండే.

వచ్చే నెల తాడేపల్లి పని కూడా వాళ్లకే ఇస్తున్నాను. ఈసారి వర్క్ ఆర్డర్‌లో ఒక లైన్ చేర్చాను: గుంటలోకి ఎవరు దిగుతారో వాళ్ల పేరు ముందే రాసివ్వాలి.