కొచ్చి చూడ్డానికి ఏ బోటు మేలు? వాటర్ మెట్రోనా, పాత గవర్నమెంటు బోటా?

శబరిమల వెళ్లొస్తూ ఎర్నాకుళంలో ఒక పూట ఖాళీ దొరికింది, ఏ బోటు ఎక్కమంటావు అని ఈ సీజన్లో నలుగురైదుగురు అడిగారు. పోయిన నెల నేను అమ్మా నాన్నల్ని తీసుకెళ్లి అన్నీ ఎక్కి వచ్చా కాబట్టి అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. నీళ్లకి అవతల ఉన్న పాత ఊరు ఫోర్ట్ కొచ్చిలో ఏం చూడాలి, ఎక్కడ తినాలి అనేవి మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి పోను. ఒక్క మాట మాత్రం, శుక్రవారం పెట్టుకోకండి, మట్టాంచేరి ప్యాలెస్ ఆ రోజు సెలవు, యూదుల గుడి అయితే శుక్ర, శని రెండు రోజులూ మూసే ఉంటుంది.

ముందు వాటర్ మెట్రో సంగతి. 2023 ఏప్రిల్లో మొదలైంది, ఫోర్ట్ కొచ్చికి 2024 నుంచి నడుస్తోంది. హైకోర్టు టెర్మినల్ దగ్గర ఎక్కితే ఇరవై నిమిషాల పైచిలుకులో దింపేస్తుంది, నేను వెళ్లినప్పుడు టికెట్ 40 రూపాయలు. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి సౌండ్ లేదు, పొగ లేదు, లోపల ఏసీ. అందరూ ఆ ఏసీ గురించే చెప్తారు గానీ నన్నడిగితే దాని అసలు గొప్పతనం రేవులో ఉంది. ఆటుపోట్లకి నీళ్లు పెరిగినా తగ్గినా ఆ రేవు కూడా తేలుతూ నీళ్లతోపాటే లేచి దిగుతుంది, అందుకని బోటు గడపా రేవూ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లెక్కాలన్నా నా భుజం పట్టుకుంటుంది, అలాంటిది ఇక్కడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తనే నడుచుకుంటూ లోపలికెళ్లి కూర్చుంది. వీల్ చెయిర్ కూడా అలాగే తోసుకెళ్లిపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంక ఆలోచించక్కర్లేదు, పోయేటప్పుడు ఇదే. కాకపోతే బోటుకి 100 మందినే ఎక్కిస్తారు, సెలవు రోజుల్లో క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మంచిది.

మరి ఇంత బాగుంటే ఇంకోటి ఎందుకు అంటే, అద్దం. కిటికీలు పెద్దవే, అన్నీ కనిపిస్తాయి, కానీ తెరుచుకోవు. ఇక్కడే నాకూ మా తమ్ముడికీ పడదు, వాడు ఎండలో ఏసీ కంటే ఏం కావాలి అంటాడు. నేను గోదావరి మీద నర్సాపురం - సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనీ మనుషుల్నీ దాటించే పడవ) ఎక్కుతూ పెరిగినదాన్ని, నీళ్ల మీద వెళ్తున్నామంటే మొహానికి గాలి కొట్టాలి, చెయ్యి బయట పెడితే తుంపర తగలాలి. హార్బర్ అంటే సగం వాసనే కదా. చేపలు, డీజిలు, తడి తాళ్లు, మట్టాంచేరి వైపు బజార్ రోడ్డులో దిగితే మిరియాలు, శొంఠి గోడౌన్లు, అద్దం వెనక కూర్చుంటే ఇవన్నీ సౌండ్ ఆపేసి టీవీ చూసినట్టే ఉంటాయి.

అందుకే నా ఓటు పాత గవర్నమెంటు బోటుకి. సుభాష్ పార్క్ పక్కన మెయిన్ జెట్టీలో ఎక్కాలి, టికెట్ పది రూపాయల్లోపే, దూరం దాదాపు అంతే, టైమూ అంతే. పక్కలన్నీ ఓపెన్, వానొస్తే పట్టా దింపుతారు. ఆఫీసులకెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, సంచులతో ఆడవాళ్లు, టూరిస్టుల కంటే వీళ్లే ఎక్కువ. ముందు వైపు కూర్చుంటే సరంగు, అంటే బోటు నడిపే ఆయన, కనిపిస్తాడు, అవును అక్కడ కూడా దాదాపు అదే మాట, గోదావరి లాంచీల్లో మనం అనేదే! ఆయన తాడు లాగితే ఇంజిన్ దగ్గర గంట మోగుతుంది, ఆ గంటల లెక్కని బట్టి కింద డ్రైవరు స్పీడు తగ్గించడం, వెనక్కి తిప్పడం చేస్తాడు, మా నాన్న దారంతా ఆ గంటలు లెక్కపెడుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు కుడి వైపు కూర్చోండి, బోల్గట్టీ దీవి, ఆ తర్వాత వల్లార్‌పాడం కంటైనర్ క్రేన్లు వరసగా వస్తాయి. ఎడమ వైపు విల్లింగ్డన్ దీవి, హార్బర్ లోతు చెయ్యడానికి తవ్విన మట్టి పోసి మనుషులు కట్టిన దీవి అది, నేవీ వాళ్ల స్థావరం కూడా అక్కడే కాబట్టి ఫొటోలు కాస్త చూసుకుని తియ్యండి. వానాకాలం తర్వాత వెళ్తే నీళ్ల నిండా గుర్రపుడెక్క తేలుతూ వస్తుంది, మన కాలవల్లో లాగే.

కష్టం ఎక్కడంటే ఎక్కడం దిగడం దగ్గరే. బోటు ఊగుతుంటుంది, మధ్యలో సందు ఉంటుంది, అడుగు చూసుకుని వెయ్యాలి. బోటు మనిషి చెయ్యందిస్తాడు కానీ మోకాళ్లు సహకరించనివాళ్లకి అది చాలదు. ఇంజిన్ మోత కూడా ఉంది, పక్కన మాట్లాడితే సరిగ్గా వినపడదు.

మెరైన్ డ్రైవ్ దగ్గర ప్రైవేట్ బోట్లు, గంట టూరు అని పిలుస్తుంటారు. మేము ఒకటి ఎక్కాం, పాటలు గట్టిగా పెట్టారు, ఎక్కడా దింపలేదు, లైఫ్ జాకెట్లు అడిగితే గానీ ఇవ్వలేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగిన సంగతి తెలిసిన మా జిల్లావాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా తీసుకోలేరు. ఎక్కాలనుకుంటే జాకెట్ వేసుకున్నాకే కదలనివ్వండి, జనం ఎక్కువైతే దిగిపోండి.

ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్‌కి బళ్లూ మనుషులూ కలిసి వెళ్లే రో-రో ఉంది, అచ్చం మన పంటే, ఐదు నిమిషాల ప్రయాణం. హార్బర్ సముద్రంలోకి తెరుచుకునే మొగ అక్కడే, ఒడ్డున కట్టి నీళ్లలోకి దించే పెద్ద చైనా వలలు నీళ్ల వైపు నుంచి చూడాలంటే దీన్ని మించింది లేదు, అదృష్టం బాగుంటే డాల్ఫిన్లు కూడా. టైముంటే ఒకసారి పోయి రండి.

మేం చివరికి చేసింది ఏంటంటే పొద్దున మెట్రోలో వెళ్లి, సాయంత్రం గవర్నమెంటు బోటులో వచ్చాం. అమ్మ భయపడుతుందేమో అనుకున్నా గానీ కింద నుంచి బోటు మనిషి, వెనక నుంచి నేను పట్టుకుంటే నెమ్మదిగా బోటులోకి దిగేసింది. అప్పటికి వెనకాల పొద్దు గుంకుతోంది, ఎదురుగా ఎర్నాకుళంలో లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, కొంగు గాలికి ఎగిరిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి బయటికి చాపి, సఖినేటిపల్లి రేవు దాటుతున్నట్టే ఉందే అంది.