ఫైబర్ బోటుకు రాత్రి దీపాల కిట్: చట్టం అడిగేది, దుకాణం అమ్మేది

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల దుకాణాల్లో చిన్న బోట్ల కోసం అమ్ముతున్న రాత్రి దీపాల కిట్ ఒకటి కొని, పూసపాటిరేగ మండల తీరంలోని మా ఫైబర్ బోటుకు బిగించి, చలికాలపు వేట పొడవునా వాడాను. ధర ఐదు వేల రూపాయలకు కొంచెం తక్కువ. పెట్టెలో నలుదిక్కులా కనిపించే తెల్ల ఎల్‌ఈడీ దీపం ఒకటి, అలాంటిదే ఎర్ర దీపం ఒకటి, బోటు ముక్కున బిగించే ఎరుపు–ఆకుపచ్చ జంట దీపం, మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం, క్లాంపులు, స్విచ్చుల డబ్బా, చుట్ట కట్టిన మెరిసే టేపు ఉంటాయి. బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. దీపాలు బాగున్నాయి, వాటిని నిలబెట్టే సామగ్రి నాసిరకం, పెట్టె మీద ‘అంతర్జాతీయ నిబంధనలకు అనుగుణం’ అని అచ్చువేసిన హామీ మాత్రం సగమే నిజం. ఆ సగం సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే మన తీరంలో బోటు యజమానులు చట్టాన్ని తిట్టుకునే మాటల్లో చాలా భాగం నిజానికి ఈ పెట్టెను తిట్టవలసినవి.

సముద్రంలో ఢీకొనడాన్ని నివారించే అంతర్జాతీయ నిబంధనలు 1972లో రూపొంది 1977లో అమలులోకి వచ్చాయి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకూ, పగలైనా మంచు కమ్మి చూపు ఆననప్పుడూ దీపాలు వెలగాలన్నది వాటి సారాంశం. ఇంజినుతో నడిచే బోటు పొడవు 12 మీటర్లకు, అంటే సుమారు 39 అడుగులకు లోపు ఉంటే నలుదిక్కులా కనిపించే తెల్ల దీపం ఒకటి, ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపాలు చాలు. పొడవు 7 మీటర్లకు లోపు ఉండి, గరిష్ఠ వేగం 7 నాట్లు (గంటకు సుమారు 13 కిలోమీటర్లు) దాటకపోతే తెల్ల దీపం ఒక్కటే తప్పనిసరి. పక్క దీపాలు వీలైతే పెట్టుకోవాలి. తెడ్డు వేసుకుని వెళ్లే తెప్పకు ఈ దీపాలు లేకపోయినా, టార్చిలైటో వెలుగుతున్న లాంతరో చేతికి అందేలా ఉంచుకుని, ఎదుటి ఓడ దగ్గర పడకముందే చూపిస్తే సరిపోతుంది. ఇందులో పేదవాడి మీద మోపిన భారం ఏమీ లేదు. తెప్ప మీద వేటకు వెళ్లే ఒక వృద్ధుడికి ఈ మాట చెబితే, తనకు కూడా మూడు దీపాలూ కావాలని దుకాణంలో చెప్పారని ఆయన ఆశ్చర్యపోయారు.

అయితే మన ఫైబర్ బోట్లలో చాలావాటి పొడవు 23 అడుగులు, అంటే 7 మీటర్లు దాటుతుంది కనుక వాటికి తెల్ల దీపం ఒక్కటే చాలన్న మినహాయింపు వర్తించదు. పైగా వల వేసి ఉన్నంతసేపూ నియమం మారిపోతుంది. ట్రాల్, అంటే నీటిలో ఈడ్చుకెళ్లే సంచి వల లాగే బోటు పైన ఆకుపచ్చ, కింద తెల్ల దీపం చూపాలి. మిగిలిన వలలతో వేటాడే బోటు పైన ఎరుపు, కింద తెలుపు చూపాలి. చిన్న బోటు అన్న కారణంగా ఇక్కడ సడలింపు లేదు. కిట్‌లో ఎర్ర దీపం పెట్టింది ఇందుకే. కానీ 20 మీటర్ల లోపు బోటు మీద ఆ రెండు దీపాల మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి. వాటిలో కింది దీపం పక్క దీపాల కంటే ఆ ఎడానికి రెట్టింపు ఎత్తులో ఉండాలి. లెక్క వేస్తే పై దీపం పక్క దీపాలకు మూడు మీటర్ల ఎత్తున వెలగాలి. కిట్‌తో ఇచ్చిన గొట్టం మీటరు. దాని మీద రెండు దీపాలనూ జానెడు ఎడంతో బిగించుకోమని సూచనల కాగితంలో బొమ్మ వేశారు. అలా బిగిస్తే కొంత దూరం నుంచే రెండు వెలుగులూ కలిసిపోయి, ఓడ మీద కాపలా ఉన్నవాడికి ఎరుపో తెలుపో తేలని ఒక మసక చుక్క కనిపిస్తుంది. చట్టం అడిగిన ఎడానికి కారణం ఇదే.

మూడు మీటర్ల కర్ర నిలబెట్టడం హార్బరులో జెట్టీకి కట్టి ఉండే ట్రాలరుకు చిన్న పని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అత్యధిక బోట్లు ఇసుక మీద నుంచే కెరటాల్లోకి దిగి, తిరిగి కెరటాల మీదుగానే ఒడ్డెక్కుతాయి. ఒడ్డున విరిగే కెరటం బోటును ముక్కు మీదికి ఎత్తి దబ్బున పడేసినప్పుడు కిట్‌లోని పొట్టి గొట్టమే వంగిపోయింది. మూడు మీటర్లది అయితే మొదలంటా ఊడి వస్తుంది. బోటును లాగడానికి జనం భుజాలు ఆనించే చోట, తాడు పట్టే చోట వైరు వేలాడకూడదన్నది మరో ఇబ్బంది. ‘జరిమానా పుస్తకం మా ఊరికి వచ్చింది గాని జెట్టీ రాలేదు’ అని బందరువానిపేట వైపు ఒక యజమాని అన్న మాటలో ఉన్న కోపం న్యాయమైనదే. కాకపోతే దాని నుంచి ఆయన తేల్చిన ముగింపుతో, అంటే దీపాలే వద్దన్న మాటతో, నేను ఏకీభవించను. మా ఊరి వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టానికి మడత బందు వేయించి, కెరటాలు దాటేవరకు బోటు అంచు వెంబడి పడుకోబెట్టి, దాటిన తర్వాత నిలబెట్టి పిన్ను దింపే ఏర్పాటు చేయించాను. ఖర్చు కిట్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. పది మంది యజమానులు ఒకసారి చేయిస్తే ఇంకా తగ్గుతుంది. తయారీదారు ఈ చిన్న ఆలోచన చేయకపోవడానికి, సముద్రాన్ని జెట్టీ మీద నుంచి మాత్రమే చూసి ఉండడం కారణమని నా అనుమానం.

క్లాంపుల విషయంలో తప్పు ఇంకా స్పష్టం. అల్యూమినియం క్లాంపుకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు ఇచ్చారు. ఉప్పునీటిలో ఈ రెండు లోహాలు నేరుగా తాకితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు వేస్తే ఆగేది, వేయలేదు. సంక్రాంతి నాటికే బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కట్టి, క్లాంపు పట్టు వదిలింది. దీపాల డబ్బాలకు మాత్రం ఐపీ67 అని రాసిన మాట నిలబడింది. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదన్నది దాని అర్థం. కెరటాల్లో ఎన్నిసార్లు మునిగినా దీపాల్లో చెమ్మ చేరలేదు. వైర్లు కలిసే చోట ఇచ్చిన సాదా కనెక్టర్లు మాత్రం త్వరగా చిలుము పట్టి పచ్చబడ్డాయి. వాటిని కత్తిరించి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాక బాధ తీరింది.

బ్యాటరీ గురించి దుకాణంలో చెప్పిన మాట నమ్మవద్దు. స్కూటరు బ్యాటరీ సరిపోతుందని అన్నారు. ఈ దీపాలన్నీ కలిసి సుమారు 10 వాట్లు తీసుకుంటాయి, అంటే 12 వోల్టుల మీద 0.8 ఆంపియర్ పైచిలుకు కరెంటు. డిసెంబరులో మన దగ్గర రాత్రి దాదాపు పదమూడు గంటలు. కనుక 11 ఆంపియర్ అవర్లు కావాలి. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పడిపోతుంది కాబట్టి కనీసం 22 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టుకోవాలి. చిన్న అవుట్‌బోర్డ్ ఇంజిన్లలో చాలావాటికి ఛార్జింగ్ సదుపాయం ఉండదు గనుక అది ఇంటి దగ్గర ఛార్జి చేసి మోసుకెళ్లవలసిన బరువే. బోటు కదలకుండా వల మీద ఉన్నప్పుడు పక్క దీపాలు ఆర్పేయవచ్చు. నిబంధన కూడా అదే చెబుతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

వెలుగు ఎంత దూరం కనిపిస్తుందన్నదే అసలు పరీక్ష. 12 మీటర్ల లోపు బోటుకు నలుదిక్కుల దీపం 2 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 3.7 కిలోమీటర్లు, పక్క దీపం ఒక నాటికల్ మైలు కనిపించాలి. జీపీఎస్ ఉన్న మరో బోటును ఎదురుగా పంపి చూస్తే తెల్ల దీపం అంత దూరంలోనూ స్పష్టంగా కనిపించింది. ఆకుపచ్చ కొంచెం తేలిపోయినా మైలు దూరానికి నిలిచింది. 2 మైళ్లు అంటే ఎక్కువేమీ కాదు. 15 నాట్ల వేగంతో వచ్చే సరుకు ఓడ ఆ దూరాన్ని 8 నిమిషాల్లో దాటుతుంది. నీటిలో ఉన్న వలను అంతలో పైకి తీయడం ఎవరివల్లా కాదు. ఫైబర్, కర్ర బోట్లు ఓడ రాడారు మీద బలహీనంగా కనిపిస్తాయి కాబట్టి ఆ ఎనిమిది నిమిషాలకు దీపమే ఆధారం.

యజమానుల్లో దీపాలంటే ఇష్టం లేనివారు చెప్పే కారణాలు వేర్వేరు. చేప ఎక్కడ పడుతోందో పక్క బోటుకు దీపం చెప్పేస్తుందని కొందరి బెంగ. ఇది ఉత్తుత్తి సాకు కాదు. వేటలో చోటు తెలిసినవాడిదే పైచేయి. కానీ చీకట్లో ఇంజిను చప్పుడు విని వెంటపడేవారికి దీపం ఉన్నా లేకపోయినా ఒకటే. ఎల్‌ఈడీ దీపం పెడితే కేసు పెడతారన్న భయం మరికొందరిది. కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించింది చేపలను ఆకర్షించడానికి వాడే ఎల్‌ఈడీ వెలుగులతో వేటను; దారి దీపాలను కాదు. అయినా ఈ గందరగోళం వల్ల ఒక మేలు కూడా జరిగింది: వల పనికోసం బోటు మధ్యలో కళ్లు జిగేల్మనే తెల్ల బల్బు వేలాడదీసే అలవాటు తగ్గింది. ఆ బల్బు పక్కన ఎరుపు, ఆకుపచ్చ దీపాలు ఉన్నా లేనట్టే.

వెరావల్, పారాదీప్ వైపు ట్రాలర్ల మీద పనిచేసి తిరిగి వచ్చినవారి ధోరణి పూర్తిగా వేరు. దీపాలు లేని బోటు ఎక్కబోమని భావనపాడు ప్రాంతంలో బోట్ల మీద పనిచేసే కొందరు కలాసీలు తేల్చి చెబుతున్నారు. యజమాని చేత కిట్ కొనిపిస్తున్నది చట్టం కంటే వారి పట్టుదలే అనుకోవచ్చు. వాళ్ల అసలు ఫిర్యాదు వలల గురించి. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ట్రాలర్ల వంటి పెద్ద మరపడవలు రాకూడదని నియమం ఉన్నా, రాత్రివేళ అవి లోపలికి వచ్చి వలలు తెంపుకుపోతున్నాయని రెండు జిల్లాల్లోనూ విన్నాను. వల బోటుకు 150 మీటర్లకు మించి చాచి ఉంటే, అది ఉన్న దిక్కున మరో తెల్ల దీపం చూపాలని నిబంధన చెబుతుంది. ఈ కిట్‌లో దానికి ఏ ఏర్పాటూ లేదు. వల చివర తేలే బెండుకు కట్టే మిణుకు దీపాలు విడిగా దొరుకుతాయి గాని, తెల్లవారేసరికి దీపంతోపాటు బెండు కూడా మాయమవుతోందట.

కిట్‌కు ‘భద్రత’ అని పేరు పెట్టి లైఫ్ జాకెట్ ఒక్కటీ ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. లోతు నీటి వేటకు 150 న్యూటన్ల తేలే శక్తి, భుజాల మీద మెరిసే పట్టీలు, ఈల ఉన్న జాకెట్ ఎంచుకోవాలి. వల లాగేటప్పుడు లావు ఫోమ్ జాకెట్ అడ్డమని తీసేస్తున్నారు, అది నిజమే; కెరటాలు దాటేటప్పుడైనా తప్పక వేసుకోవాలి. ఆపదలో వెలిగించి చేతితో పట్టుకు చూపే ఎర్ర ఫ్లేరు ఒక నిమిషం మండుతుంది. మూడేళ్లకు గడువు తీరుతుంది కనుక తేదీ చూసి కొనాలి. ఇస్రో పరిజ్ఞానంతో వచ్చిన ట్రాన్స్‌పాండరు ఆపద కబురును ఒడ్డుకు చేరుస్తుంది. మీద పడబోతున్న ఓడకు మాత్రం మనల్ని చూపించదు. కోస్ట్ గార్డు అత్యవసర నంబరు 1554ను బోటు లోపలి అంచున పెయింటుతో రాయించుకోవడం మంచిది.

ఈ కిట్‌ను మొత్తంగా కొనమని నేను చెప్పను. అడిగితే దుకాణదారు దీపాలు మూడింటినే విడిగా ఇస్తారు, ధర దాదాపు సగానికి దిగుతుంది. గొట్టం, బందు, క్లాంపులు మన ఊళ్లోనే గాల్వనైజ్డ్ ఇనుముతో చేయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట విరామంలో, బోటు ఎలాగూ ఇసుక మీదే ఉంటుంది కనుక, ఈ పని పెట్టుకుంటే వెల్డరుకూ తీరిక దొరుకుతుంది. దీపాల మీద వారంటీ ఏడాది అని నోటితో చెబుతున్నారు. బిల్లు మీద రాయించుకోండి.