‘రెస్ట్‌లెస్’: మూడు నెలల గడువులో ఒక ప్రేమ

ఒక కుర్రాడు రోడ్డు మీద పడుకుని తన ఒంటి చుట్టూ తానే సుద్దముక్కతో గీత గీసుకుంటాడు. హత్య జరిగిన చోట శవం ఎలా పడి ఉందో గుర్తు పెట్టడానికి గీసే గీత అది. వెనక బీటిల్స్ పాట హాయిగా సాగిపోతుంటుంది. గస్ వాన్ సాంట్ తీసిన ‘రెస్ట్‌లెస్’ మొదలయ్యేది ఇలా. ఆ పాటకూ ఆ గీతకూ పొంతన లేదు. సినిమా అంతా ఆ పొంతన లేనితనం మీదే నడుస్తుంది. ఈ మొదటి నిమిషాలే మీకు ఇబ్బందిగా అనిపిస్తే మిగతాది కూడా అలాగే అనిపిస్తుంది, బలవంతంగా కూర్చోవద్దు.

2011 నాటి సినిమా, నిడివి 91 నిమిషాలు. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగాన్ని దీనితోనే ప్రారంభించారు. థియేటర్లలో మాత్రం ఆడలేదు, విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో సగం నిజమే. అయినా హనుమకొండ, కాజీపేట కాలేజీ పిల్లలకూ, కరీంనగర్, సిరిసిల్ల వైపు సినిమాను ఇష్టంగా చూసేవాళ్లకూ ఇది చూడమని గట్టిగా చెప్పవచ్చు. చావు చుట్టూ నవ్వు ఎలా పుడుతుందో ‘బలగం’ చూసిన కళ్లకు మళ్లీ నేర్పనక్కర్లేదు.

ఈనక్ అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. అదే ప్రమాదంలో వీడు కోమాలోకి వెళ్లాడు. లేచేసరికి అంత్యక్రియలు అయిపోయాయి, కడసారి చూపు దక్కలేదు. పెంచుతున్న పిన్ని మీద ఆ కోపం ఇంకా తీరలేదు. అందుకే నల్ల సూటు వేసుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల అంత్యక్రియలకు వెళ్లి నిలబడుతుంటాడు. అలాంటి ఒక చోట ఆనబెల్ కనిపిస్తుంది. పొట్టి జుట్టు, డార్విన్ అంటే ప్రాణం, నీటిపక్షుల బొమ్మలు గీస్తుంటుంది. ఆమె మెదడులో కణితి ఉంది, డాక్టర్లు మూడు నెలలన్నారు. ఈనక్‌కు ఉన్న ఒకే ఒక్క దోస్తు హిరోషి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆత్మాహుతి దాడికి వెళ్లిన జపాన్ పైలట్ వాడు, ఇప్పుడు దయ్యం. ఈనక్‌కు తప్ప ఎవరికీ కనిపించడు.

అంత్యక్రియలకు వెళ్లి దొరికిపోయే ఆ సన్నివేశాల్లో నవ్వు మనవాళ్లకు మొదట అందకపోవచ్చు. నర్సంపేట దగ్గరో పరకాల దగ్గరో పల్లెలో ఎవరన్నా పోతే డప్పు చప్పుడు వినగానే వాడంతా కదులుతుంది. పాడె వెంట నడిచేవాణ్ని నువ్వెవరని అడిగేవాళ్లు ఉండరు. అమెరికాలో చావు ఇంటివాళ్ల సొంత వ్యవహారం, వచ్చినవాళ్లు ఏదో ఒక వరసలో తెలిసినవాళ్లై ఉండాలి. పిలవని పెళ్లికి వెళ్లి భోజనం చేసి దొరికిపోయినవాడి స్థితే ఈనక్‌ది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే మొదటి పావుగంట సాఫీగా సాగుతుంది.

మరో తేడా ఇంకా లోతైనది. నిండుగా బతికిన ముసలాయన పోతే మన దగ్గర డప్పులుంటాయి, కల్లుంటుంది, వరసైనవాళ్ల ఎకసెక్కాలూ ఉంటాయి. 2023లో వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ నిలబడ్డది దాని మీదే. తాత కొమురయ్య శవం వాకిట్లో ఉండగానే మనవడు సాయిలుకు తన లగ్గం, తన అప్పు గుర్తొస్తుంటే మనం నవ్వాం. పిట్ట ముట్టనప్పుడు ఆ నవ్వే మెల్లగా గొంతులో ఇరుక్కుంది. చివర వరంగల్ జిల్లా దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మ పాట అందుకోగానే హాలంతా ఏడ్చింది. కానీ పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల పోతే ఇక్కడ డప్పు ఉత్సాహంగా మోగదు, వాడలో పొయ్యి వెలగదు. ‘రెస్ట్‌లెస్’ నవ్వించేది సరిగ్గా ఆ చోట. అందుకే కొందరికి ఇది తప్పుగా తోస్తుంది. ఆ అభ్యంతరానికి సినిమా దగ్గర జవాబు ఉంది: ఇందులో నవ్వేది చుట్టూ ఉన్నవాళ్లు కాదు, పోబోయే పిల్లే. ఆమె నవ్వితేనే ఈనక్ నవ్వుతాడు. ఆమె అక్క ఎలిజబెత్‌కు నవ్వడం అంత తేలిక కాదు. ఎవరికి నవ్వే హక్కుందో దర్శకుడు ఎక్కడా మర్చిపోలేదు.

సినిమాకు గుండెకాయ లాంటిది రిహార్సల్ సన్నివేశం. ఆనబెల్ చివరి ఘడియ ఎలా ఉండాలో ఇద్దరూ కలిసి ముందే స్క్రిప్టు రాసుకుంటారు. ఆమె మంచం మీద పడుకుంటుంది, వాడు పక్కన చేరతాడు. పాత సినిమాల్లో చనిపోయే నాయికలాగా ఆమె ఆగి ఆగి డైలాగు చెబుతుంది. మాటలు బరువైనవి, పలికే తీరు దొంగ నాటకం, చూసేవాడికి నవ్వాగదు. ఉన్నట్టుండి అది గొడవలోకి తిరుగుతుంది. కారణం వెతుక్కోనక్కర్లేదు. ఆమెకు ఈ రిహార్సల్ ఎందుకంటే, ఆ రోజు వచ్చినప్పుడు కొత్తగా ఏదీ ఉండకూడదు. వాడికి ఎందుకంటే, ఆట సాగుతున్నంతసేపు ఆ రోజు రాదు. ఒకే ఆటను ఇద్దరూ రెండు కారణాలకు ఆడుతున్నారన్నది ఇక్కడ బయటపడుతుంది. అంతదాకా ముద్దుగా అనిపించిన చేష్టలన్నీ, స్మశానంలో అమ్మానాన్నల రాళ్లకు ఆమెను పరిచయం చేయడంతో సహా, ఈ సన్నివేశం తర్వాత వేరే అర్థంతో గుర్తొస్తాయి. సినిమా రెండోసారి చూడదగ్గదయ్యేది దీనివల్లే.

నటనలో ముందు చెప్పాల్సింది హిరోషిగా చేసిన ర్యో కాసే గురించి. దయ్యం పాత్ర అనగానే గాలి, పొగ, వింత శబ్దాలు పెట్టేస్తారు. ఇక్కడ అవేవీ లేవు. పైలట్ యూనిఫాంలో మామూలుగా కూర్చుని ఈనక్‌తో యుద్ధనౌకల ఆట ఆడుతుంటాడు. తను ప్రేమించిన అమ్మాయికి రాసి పంపలేకపోయిన ఉత్తరం వినిపించే ఘట్టం ఒక్కటి చాలు. పోవడమంటే ఏమిటో అనుభవం మీద తెలిసినవాడు ఈ కథలో వాడొక్కడే కనుక ఆ మాటలకు అంత బరువొచ్చింది. ఆనబెల్‌గా మియా వాషికోవ్‌స్కా కళ్లతోనే సగం నడిపించింది, జాలి అడగదు. ఈనక్‌గా చేసిన హెన్రీ హాపర్‌కు ఇది మొదటి పెద్ద పాత్ర. కోపం చూపించాల్సిన చోట్ల తేలిపోయాడు, మౌనంగా ఉన్నచోట బాగున్నాడు. అతని తండ్రి, నటుడు డెనిస్ హాపర్ 2010 మేలో కన్నుమూశాడు. సినిమాను ఆయనకే అంకితమిచ్చారు.

కెమెరా హారిస్ సవైడ్స్‌ది. పోర్ట్‌ల్యాండ్ ఊరు, రాలుతున్న ఆకుల కాలం, మబ్బు పట్టిన వెలుగు. ఎండ కొట్టినట్టు ఎక్కడా ఉండదు, ముఖాల మీద గట్టి నీడలు పడవు. డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం కూడా ఏడిపించడానికి తొందరపడదు. దుస్తుల దగ్గర మాత్రం కొంచెం అతి జరిగింది. ఇద్దరూ ప్రతి సీనుకూ పాతకాలపు బట్టల దుకాణం నుంచి అప్పుడే వచ్చినట్టుంటారు. ఇంత పొందిగ్గా తయారయ్యే పిల్లలు దుఃఖంలో ఉన్నారని నమ్మడానికి కొంత సమయం పడుతుంది.

అసలు లోపం జబ్బును చూపించిన తీరులో ఉంది. మెదడులో కణితి ముదిరితే పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్లకు ముఖం ఉబ్బుతుంది, రేడియేషన్ పెట్టినచోట జుట్టు ఊడుతుంది. కొందరికి మాట తడబడుతుంది, మనుషులే మారిపోయినట్టుంటారు. ఆనబెల్ ఒకచోట కుప్పకూలడం తప్ప, చివరిదాకా మంచులో కడిగిన ముత్యంలానే ఉంటుంది. ఆస్పత్రి ఖర్చు అన్న మాటే రాదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి రిపోర్టుల సంచితో తిరిగిన కుటుంబాలకు ఇది కోపం తెప్పిస్తుంది, ఆ కోపం న్యాయమే. ఇంట్లో ఇప్పుడు అలాంటి జబ్బు మనిషి ఉంటే, లేదా పెద్దదినం అయి ఎన్నో రోజులు కాకపోతే, ఈ సినిమా జోలికి పోవద్దు.

మన దగ్గర ఇదే దారిలో నడిచిన సినిమా అంటే 1989 నాటి మణిరత్నం ‘గీతాంజలి’. అక్కడ ప్రేమికులిద్దరికీ ప్రాణాంతకమైన జబ్బే, రాత్రిపూట దయ్యం వేషాలు, అల్లరి, నోటి నిండా చావు కబుర్లు. ఊటీ మంచులో పి.సి. శ్రీరామ్ చేసిన కెమెరా పనీ, ఇళయరాజా పాటలూ ఆ పిల్ల అల్లరికి ఒక దిగులు తోడు చేశాయి. పోల్చి చూస్తే ప్రేమ పుట్టే తీరులో ‘గీతాంజలి’ది పైచేయి. ప్రకాష్ తన చావుకు భయపడుతూ ఉండగా, గీతాంజలి తన చావును తేలిగ్గా మాట్లాడి అతన్ని కదిలిస్తుంది. ఇద్దరూ సమానులు. కానీ అది రైల్వే స్టేషన్లో ఇద్దరూ బతికుండగానే ఆగిపోతుంది. ‘రెస్ట్‌లెస్’ ఆగదు. ఆమె పోతుంది, అంత్యక్రియలు జరుగుతాయి, పోయిన తర్వాత మిగిలినవాడు ఏం చేస్తాడన్నది కూడా చూపిస్తుంది. కడసారి చూపు దక్కక ఊరంతా తిరిగిన పిల్లాడికి ఈసారి మొదటి వరుసలో చోటు దొరికింది. ముగింపు ఘట్టంలో వాడు లేచి మాట్లాడాలి. అక్కడ ఏం చేశాడో చెప్పను.

కాలేజీలోనో ఫిలిం క్లబ్బులోనో వేయాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. మబ్బు వెలుగు సినిమా కావడంతో క్లాసురూం ప్రొజెక్టర్ మీద పగటిపూట సగం బొమ్మ కనిపించదు. హాలోవీన్ రాత్రి ఇద్దరూ వేషాలు వేసుకుని తిరిగే ఘట్టం అయితే నల్లగా మిగులుతుంది. కిటికీలు మూసినా వెలుతురు వస్తుంటే పొద్దుగూకాక మొదలుపెట్టండి. మాటలు మెల్లగా, సగం గొనుగుడుగా ఉంటాయి, సబ్‌టైటిల్స్ తప్పనిసరి. మామూలు సినిమాకు పెట్టే సౌండు దీనికి చాలదు, మొదటి డైలాగు వెనక బెంచీకి వినపడేదాకా పెంచి చూసుకోండి. ఇంటర్వెల్ ఇవ్వొద్దు. గంటన్నరే కదా, మధ్యలో ఛాయ్‌కి లేస్తే రిహార్సల్ సన్నివేశానికి కావాల్సిన బిగువు పోతుంది. అమెరికాలో దీనికి పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు చూసుకోవాలన్న సర్టిఫికెట్) ఇచ్చారు, ముద్దులూ ఒక రాత్రి కలిసి గడపడమూ ఉన్నాయి గానీ హద్దు దాటినవి కావు. ఇంటర్ పిల్లలు అమ్మానాన్నలతో చూసినా తలదించుకునే పని లేదు. ‘గీతాంజలి’తో కలిపి రెండూ వేయాలనుకుంటే ఒకే రోజు వద్దు. మొదటి సాయంత్రం ‘గీతాంజలి’, మర్నాడు ఇది. వరస తిప్పితే, అంత్యక్రియల దాకా వెళ్లొచ్చిన ప్రేక్షకుడికి రైల్వే స్టేషన్ ముగింపు సరిపోదు.